పంజాగుట్ట డాబా మీద వరినారు

గోదావరి డెల్టా నుంచి ఆ రైతు వచ్చినప్పుడు నేను రిసెప్షన్ దగ్గర నిలబడి కొరియర్ కాగితం మీద సంతకం పెడుతున్నాను. పంజాగుట్ట చౌరస్తాకు కాస్త ఇవతల, కింద చీరల దుకాణం, పైన మూడో అంతస్తులో మా ఆఫీసు. లిఫ్టు ఉన్నా మెట్లెక్కే వచ్చినట్టున్నాడు, ఆయాసపడుతున్నాడు. చేతిలో తడి తువ్వాలు చుట్టిన పొట్లం. దాన్ని బల్ల మీద పెట్టి విప్పాడు. లోపల పిడికెడు వరినారు. ఆకుల కొసలు మాడిపోయి, పచ్చదనం అడుగున ఎక్కడో కొంచెం మిగిలి ఉంది.

"మీ బావి తవ్వే రిగ్గు పక్కనేనండి నా నారుమడి. మొన్న వానకి మీ బురద గుంట పొంగి నీళ్లు మళ్లోకి దిగిపోయాయండి. వారం తిరక్కుండా ఇలా అయిపోయింది. అక్కడ అడిగితే హైదరాబాద్ ఆఫీసులో చెప్పుకోమన్నారండి. అందుకని వచ్చాను," అన్నాడు.

మాది చమురు, గ్యాసు తీసే కంపెనీ కాదు, అలాంటి కంపెనీలకు పనిచేసిపెట్టే కంపెనీ. వాళ్లు బావి తవ్వుతుంటే, ఆ తవ్వకానికి కావాల్సిన బురద తయారుచేసి ఇవ్వడం మా వృత్తి. నవ్వులాటగా చెప్పడం లేదు, నిజంగా బురదే. నీళ్లలో మెత్తటి మట్టీ, ఒకరకం ఉప్పూ, ఇంకొన్ని మందులూ కలిపి డ్రిల్లు గొట్టంలోంచి కిందికి పంపిస్తే, అది తిరిగి పైకి వస్తూ లోపల తెగిన రాతి ముక్కలను మోసుకొస్తుంది. ఉప్పు లేకపోతే లోపలి మట్టి పొరలు నీళ్లు పీల్చి ఉబ్బి, తవ్విన దారి మూసుకుపోతుంది. పని అయిపోయిన బురదను సైటు పక్కన తవ్విన పెద్ద గుంటలో పోసేవాళ్లు. ఆ గుంట నుంచి తీసిన శాంపిళ్లు ప్లాస్టిక్ క్యాన్లలో రైలెక్కి సికింద్రాబాద్ వచ్చేవి. వాటిని పరీక్షించి రిపోర్టు రాయడం నా ఉద్యోగం. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి చేరాను. అప్పటికి ఏడాదిన్నర అయింది.

రైతును మా మేనేజరు గారి గదిలోకి నేనే తీసుకెళ్లాను. ఆయన మర్యాదగానే కూర్చోబెట్టి, టీ తెప్పించి, ఫైలు తీశారు.

"చూడండీ, గుంట నీళ్లను మేము నెలనెలా పరీక్ష చేయిస్తాం. నూనె లేదు, విష లోహాలు లేవు. అన్నీ పరిమితిలోనే ఉన్నాయి. ఇదిగో రిపోర్టు."

ఆ రిపోర్టు కింద ఉన్నది నా సంతకం.

రైతు కాగితం వైపు చూశాడు గానీ చేతిలోకి తీసుకోలేదు. "కాగితంలో బాగానే ఉంటుందండి. మడిలో నారు బతకలేదండి," అన్నాడు. కోపంగా అనలేదు. అలా అని ఉంటే నాకు ఇంత గుర్తుండేది కాదేమో. టీ తాగి, గ్లాసు జాగ్రత్తగా పక్కన పెట్టి, మధ్యాహ్నం రైలుందని వెళ్లిపోయాడు. నారు బల్ల మీదే ఉండిపోయింది. నేను దాన్ని ల్యాబులోకి తెచ్చి తడిగుడ్డలో పెట్టాను.

మా ల్యాబులో నేను కాక ఉన్నది ఒక్కరే, అటెండరు. యాభై దాటిన మనిషి. నల్లగొండ వైపు ఊళ్లో వ్యవసాయం చేసి, బోరు ఎండిపోయాక పట్నం వచ్చాడు. స్టేషన్ నుంచి క్యాన్లు తేవడం, గాజు సామాను కడగడం ఆయన పని. నేను ఆయన్ని బాబాయ్ అనేదాన్ని. మేడం అనే పిలుపుతో మొదలుపెట్టిన ఆయన, ఎప్పటి నుంచో బిడ్డా అంటున్నాడు.

ఆ నారును చేతిలోకి తీసుకుని కిటికీ దగ్గర వెలుతురులో చూశాడు. "గిది పురుగు గాదు, తెగులు గాదు. చౌడు తాకిన నారు గిట్లనే ఉంటది బిడ్డా. మా ఊర్ల సగం భూమి చౌడే, నాకు ఎర్కలేదా? ముందుగాల కొసలు మాడ్తయ్."

చౌడంటే ఉప్పు. నేను నా నోటుబుక్కు తీశాను. ప్రతి శాంపిల్‌లో ఉప్పు ఎంత ఉందో నా చేత్తోనే రాసి ఉంది. రిపోర్టు ఫారంలో ఆ గడి లేదు కాబట్టి ఎప్పుడూ పైకి పంపలేదు. ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు. నూనె లేదని, సీసం లేదని రాసి, కింద సంతకం పెట్టి, సాయంత్రం ఆరింటికి అమీర్‌పేట హాస్టలుకు నడిచి వెళ్లిపోయేదాన్ని. ఆ పూట బల్ల ముందు కూర్చుని ఆ అంకెలు చూస్తుంటే నాకు నిజంగా తల కొట్టేసినట్టయింది. నేను పుట్టి పెరిగింది కూడా ఆ డెల్టాలోనే. వరి చేలకు ఉప్పు నీళ్లు పడవని నాకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు.

మర్నాడు పొద్దున్నే మేనేజరు గారి దగ్గరికి వెళ్లి, గుంట నీళ్లను శుభ్రం చేసే దారి ఏదైనా ఉందేమో చూస్తానని అడిగాను.

"మామూలు పని ఆగకూడదు మరి," అన్నారు.

"ఆగదు సార్."

"అయితే చూడమ్మా."

మా ఇంట్లో వరద రోజుల్లో కాలవ నీళ్లు ఎర్రగా వస్తే అమ్మ బిందెలో పటిక ముక్క తిప్పేది. కాసేపటికి మట్టంతా అడుగుకు దిగి పైన తేట మిగిలేది. నేను అక్కడే మొదలుపెట్టాను. వరసగా ఆరు బీకర్లలో గుంట బురద పోసి, పటికా, మట్టిని ముద్ద కట్టించే ఒక పొడీ రకరకాల పాళ్లలో కలిపి చూశాను. మొదటి రెండు వారాలు ఏమీ కాలేదు. బాబాయ్ క్యాన్లు మోసుకొస్తూనే ఉన్నాడు, నేను పారబోస్తూనే ఉన్నాను.

అదే రోజుల్లో హాస్టల్లో నా రూమ్మేటు నా మీద పోరు మొదలుపెట్టింది. గుంటూరు పిల్ల. డిగ్రీ అవ్వగానే వచ్చి జావా నేర్చుకుంటోంది. అమీర్‌పేటలో అప్పుడు గోడ కనిపించేది కాదు, అన్నీ కోర్సుల బోర్డులే. రోడ్డు దాటేలోపు చేతిలో నాలుగు పాంప్లెట్లు పడేవి. జిరాక్స్ దుకాణాల ముందు నోట్సు కోసం క్యూలు కట్టేవాళ్లు.

"కెమిస్ట్రీ పట్టుకుని ఎన్నాళ్లు వేలాడతావే?" అనేది. "బురద పిసుక్కుంటూ కూర్చుంటావా? సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకో. మూడు నెలలు. మాదాపూర్‌లో ఏసీలో కూర్చోవచ్చు. నా మాట విని ఒక్క డెమో క్లాసుకి రా."

వెళ్లాను. రెండొందల మంది ఉన్న హాలు, మైకులో మాస్టారు, గోడకు ఆనుకుని నిలబడ్డవాళ్లు. ఆయన బాగానే చెప్పారు. తప్పు ఎక్కడుందో ముందే పట్టుకోవడం టెస్టింగ్ అన్నారు. నేను నోట్సు తీశాను. తీస్తూ తీస్తూ పేజీ అంచున పటిక పాళ్లు రాసుకుంటున్నానని గమనించి, పుస్తకం మూసేశాను.

మూడో వారంలో ఒకరోజు మధ్యాహ్నం నాలుగో బీకరులో బురద పాలు విరిగినట్టు విరిగింది. ముద్దలు ముద్దలుగా అడుగుకు దిగిపోయాయి. పైన అద్దంలాంటి నీళ్లు. బాబాయ్ వంగి చూసి, "అబ్బ! మస్తుగున్నయ్ గదా బిడ్డా!" అన్నాడు. నేను ఆ బీకరు పట్టుకుని కారిడార్లో దాదాపు పరుగెత్తి మేనేజరు గారి బల్ల మీద పెట్టాను.

ఆయన దాన్ని కిటికీ వైపు ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశారు. "గుంట నీళ్లేనా ఇవి?" అన్నారు. అవును సార్ అన్నాను. ఆ రోజు నా అంత గొప్పది పంజాగుట్టలో ఇంకొకరు లేరనుకున్నాను.

అయితే బాబాయ్ మాత్రం మనసులో ఏదో పెట్టుకున్నాడు. "తేటగైతే ఉన్నయ్ గని, నారు పోసి సూద్దాం బిడ్డా. జర ఓపిక వట్టు," అన్నాడు. తర్వాతి ఆదివారం ఊరెళ్లి గుప్పెడు వడ్లు తెచ్చాడు. నానబోసి, తడి గోనెలో చుట్టి మొలక వచ్చాక, ఆఫీసు డాబా మీద మూడు ప్లాస్టిక్ టబ్బుల్లో మట్టి నింపి చల్లాడు. ఒకదానికి కుళాయి నీళ్లు, ఒకదానికి గుంట నీళ్లు, మూడోదానికి నేను తేట చేసిన నీళ్లు. ఎండ ఎక్కువైతే పాత బ్యానరు గుడ్డ అడ్డం కట్టేవాడు. కింద బస్సుల హారన్లు, పక్క బిల్డింగు వాళ్ల జనరేటరు మోత, మధ్యలో మా నారుమడి. పక్కాఫీసు వాళ్లు సిగరెట్టు కాల్చుకోవడానికి పైకొచ్చి, అదేం మొక్కని అడిగేవాళ్లు.

పదో రోజుకి కుళాయి నీళ్ల నారు బెత్తెడు లేచింది. గుంట నీళ్ల నారు మాడింది. తేట నీళ్ల నారు కూడా మాడింది.

పటిక మట్టిని దించుతుంది, ఉప్పును దించదు. ఇది నేను చదువుకున్న విషయమే. తేట నీళ్లు చూసిన సంతోషంలో నాకు ఆ ఆలోచనే రాలేదు. సిగ్గుపడుతూ కిందికి దిగేసరికి మేనేజరు గారు ఎదురొచ్చారు.

"మంచి కబురమ్మా. నీళ్లు తేటగా చేసి పక్క కాలవలోకి వదిలెయ్యొచ్చని క్లయింటుకు పొద్దున చెప్పాను. చాలా సంతోషించారు. గుంట బాధే ఉండదు."

"సార్, ఆ నీళ్లు వదలకూడదు."

"అదేంటి? నువ్వే కదా చేశావు?"

"తేటగా ఉన్నాయి గానీ మంచివి కావు సార్. ఉప్పు అలాగే ఉంది. బురదగా ఉంటే కనీసం ఎవరూ తోడుకోరు. తేటగా ఉంటే మంచినీళ్లనుకుని చేలకు పెట్టుకుంటారు."

ఆయన ముఖం మారిపోయింది. "మాట ఇచ్చేశాను కదమ్మా. ఇప్పుడు వెనక్కి ఎలా తీసుకుంటాను?"

ఆయనకు ఎదురు చెప్పడం అదే మొదటిసారి. "ఒక్కసారి డాబా మీదికి రండి సార్," అన్నాను.

వచ్చారు. మూడు టబ్బుల ముందు నిలబడ్డారు. బాబాయ్ ఏ టబ్బుకు ఏ నీళ్లో చెప్పాడు. మేనేజరు గారు ప్యాంటు మడుచుకుని కింద కూర్చుని, మూడో టబ్బులో మొక్కనొకదాన్ని పీకి వేరు చూశారు. ఆయనదీ రైతు కుటుంబమేనని నాకు అప్పటిదాకా తెలియదు. లేచి చేతులు దులుపుకుని, "నేను ఫోన్ చేసి చెప్తాను. తొందరపడి చెప్పింది నేనని చెప్తాను. నీ పేరు రాదు," అన్నారు. చేశారు కూడా. అవతలి వాళ్లు గట్టిగానే అన్నట్టున్నారు, ఆయన చెవులు ఎర్రబడ్డాయి. మాట మాత్రం మార్చలేదు.

దారి చూపించింది ఇంకో ఫోను. సైటులో బురద చూసుకునే ఇంజనీరు ఒకాయన ఉండేవారు, అమలాపురం వైపు మనిషి. ఎప్పుడూ ల్యాబుకి చేసి శాంపిళ్ల గురించి అడిగేవారు. ఆ వారం చేసినప్పుడు గొంతులో ఓపిక లేదు.

"ఏం చెప్పమంటారండీ మేడమ్ గారూ, ఉప్పు బస్తాలు రాలేదండి. వానలకి లారీలు ఆగిపోయాయట. ఉప్పు లేందే కొత్త బురద కలపలేను. రిగ్గు ఆగేలా ఉందండి."

ఆయన ఇంకా ఏదో చెప్తూనే ఉన్నారు. నేను రిసీవరు చెవికి పెట్టుకుని, ఎదురుగా బీరువా మీద వరసగా పెట్టిన తేట నీళ్ల సీసాలు చూస్తున్నాను. అక్కడ ఉప్పు కోసం ఆయన లారీ దారి చూస్తున్నారు. ఇక్కడ ఉప్పు ఎలా పోగొట్టాలా అని నేను తల పట్టుకున్నాను. రెండూ ఒకటే ఉప్పు.

"ఏవండీ, గుంటలో నీళ్లు తేట చేసి ఇస్తే, దాంతో కొత్త బురద కలుపుకోగలరా?" అని అడిగాను.

"అందులో ఉప్పు ఉంటుంది కదండీ," అన్నారు.

"అందుకే అడుగుతున్నాను."

"ఓరి నాయనో!" అన్నారాయన. ఆ తర్వాత ఇద్దరం నవ్వాం.

అంటే నీళ్లను బయటికి వదలనే వద్దు. చుట్టూ తిప్పి మళ్లీ మనమే వాడుకుందాం. ఉప్పూ మిగులుతుంది, కాలవ నుంచి ట్యాంకర్లతో తెచ్చే మంచినీళ్లూ మిగులుతాయి. గుంట నిండదు, పొంగదు. రెండు పేజీల్లో రాసి మేనేజరు గారికి ఇచ్చాను. ఆయన రెండుసార్లు చదివి, సైటులో రెండు ఇనుప ట్యాంకులు పెట్టించడానికి ఒప్పుకున్నారు.

తేలిగ్గా కాలేదు. మొదటిసారి అక్కడ కలిపిన బురద గడ్డలు గడ్డలుగా అయిపోయింది. నేను వాడిన ముద్ద కట్టించే పొడి తేట నీళ్లలో కొంచెం మిగిలిపోయి, కొత్త మట్టిని కూడా ముద్ద చేసేస్తోంది. ఇంజనీరు గారు పాపం రోజంతా ఆ ట్యాంకు కడిగించుకున్నారు. మేము మళ్లీ బీకర్ల దగ్గరికి వచ్చి, పొడి తగ్గిస్తూ, పటిక పెంచుతూ, పదిహేను రోజులు కూర్చున్నాం. ఖైరతాబాద్ వినాయకుణ్ణి చూడటానికి జనం పోతుంటే బస్సులన్నీ మా చౌరస్తాలోనే ఆగిపోయే రోజులు. బాబాయ్ స్టేషన్ నుంచి క్యాన్లు పట్టుకుని, బస్సు ఆగిన చోట దిగి నడిచి వచ్చేవాడు. ఒకరోజు చెమటతో వచ్చి కూర్చుని, "గీసారి గాకపోతే గా దేవునికే అప్పజెప్తా నీ బురద," అన్నాడు. ఆసారి అయింది.

గుంటకు అడుగున మందపాటి ప్లాస్టిక్ షీటు పరిపించాం, గట్టు ఎత్తు పెంచాం. రిపోర్టు ఫారంలో ఉప్పుకు ఒక గడి చేర్చమని నేను పట్టుబట్టాను. చేర్చారు. చిన్న గడే. కానీ అప్పటి నుంచి ఏ సైటు రిపోర్టులోనూ దాన్ని ఖాళీగా వదలడానికి లేదు. రైతుకు అంతకుముందే పక్క ఊళ్లో మిగిలిన నారు కొని ఇప్పించారు మేనేజరు గారు. ఆలస్యంగా నాటినా చేను నిలబడింది. పంట బాగానే వచ్చిందని సైటు ఇంజనీరు ఫోనులో చెప్పినప్పుడు నేను ఎవరికీ చెప్పకుండా వెళ్లి ముఖం కడుక్కుని వచ్చాను.

సస్టైనబిలిటీ, అంటే నేలకూ నీళ్లకూ చేటు లేకుండా పనిచేయడం, అన్న మాట ఆ రోజుల్లో మా ఆఫీసులో ఎవరూ ఎరగరు. ఇప్పుడు దానికో విభాగం, రంగు రంగుల వార్షిక నివేదికలు. మంచిదే. మాకు మాత్రం అప్పుడు అది ఒక మనిషి నారుమడి సంగతి.

రూమ్మేటుకు మాదాపూర్‌లో ఉద్యోగం వచ్చి హాస్టలు ఖాళీ చేసింది. వెళ్తూ, నువ్వు మారవే అంది. మారాలని అనిపించలేదని చెప్పాను. అది బింకం కాదు. తప్పు ముందే పట్టుకోవడం టెస్టింగ్ అయితే, నేను నా తప్పునే పట్టుకున్నాను, దిద్దుకున్నాను. ఆ పనిలో నాకు దొరికిన తృప్తి ఇంకోచోట వెతుక్కోవాలనిపించలేదు.

ఆ చలికాలంలో నన్ను సైటుకు పంపారు. మా కంపెనీ నుంచి రిగ్గు మీదికి వెళ్లిన మొదటి ఆడమనిషిని నేనే. నా కొలత బూట్లు లేక, రెండు జతల మేజోళ్లు వేసుకుని పెద్ద బూట్లలో నడిచాను. ఫోనులో తప్ప ఎప్పుడూ చూడని ఇంజనీరు గారు గేటు దగ్గరే ఎదురొచ్చి, రిగ్గు మీద పనిచేసేవాళ్లందరికీ, "ఈవిడే మన తేట నీళ్ల మేడమ్ గారు," అని పరిచయం చేశారు. నా కంటే పదేళ్లు, ఇరవయ్యేళ్లు పెద్దవాళ్లు హెల్మెట్లు తీసి నమస్కారం పెట్టారు. ట్యాంకు మీదికి ఎక్కి చూశాను. నా బీకరులో చూసిన తేట నీళ్లే, అక్కడ ట్యాంకు నిండా. గుంట సగం కూడా నిండలేదు.

తిరిగి జీపు ఎక్కబోతుంటే లుంగీ పైకి కట్టుకున్న ఒకాయన దారికి అడ్డంగా వచ్చాడు. కాలవ నుంచి సైటుకు మంచినీళ్లు తోలే ట్యాంకరు డ్రైవరు.

"మీరేనాండీ ఆ మేడమ్ గారు? రోజుకి పది ట్రిప్పులు తోలేవోణ్ణండి. మీ తేట నీళ్లొచ్చాక నాలుగు కూడా లేవండి," అన్నాడు.

ఇంజనీరు గారి వైపు చూశాను. ఆయన నవ్వుతూ, "ఈ బావి అయిపోతే మిగిలిన నీళ్లు తర్వాతి సైటుకి తీసుకెళ్లాలి కదండీ. అవి తోలేది ఈయనే. మాట్లాడేశాను," అన్నారు.

డ్రైవరు తల గోక్కున్నాడు. "తోల్తానండి, తోలనని అన్లేదు. కానీ ఇంత తేటగా ఉన్నాయి, దారిలో ఎవరైనా చేనికి ఓ ట్యాంకరు పొయ్యమంటే ఏం చెప్పమంటారు?"

"ఉప్పు నీళ్లని చెప్పండి. నమ్మకపోతే చుక్క నాలిక మీద వేసుకోమనండి," అన్నాను.

అతను వెంటనే తేట నీళ్ల ట్యాంకుకున్న కుళాయి కింద వేలు తడిపి నాలిక మీద రాసుకుని, ముఖం వికారంగా పెట్టి ఉమ్మేశాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా గొల్లున నవ్వారు. అతనూ నవ్వాడు.